మంచపు కోళ్లు, బండి దారులు

మా ఇంట ఒక పాత మంచము కలదు. మా తాతగారి నాట పుంగనూరు దాపున ఒక పల్లెలో చేయించినది. నాలుగు కోళ్లు, రెండు నిలువు పట్టెలు, రెండు అడ్డపట్టెలు. అంతకు మించి కర్ర లేదు. మేకు ఒక్కటియు లేదు. పట్టెల కొనలను కుసులుగా చెక్కి, కోళ్లకు తొలిచిన బెజ్జములలో దూర్చినారు. పైన అల్లిన నులక బిగువే ఆ ఎనిమిది కట్టెలను ఒక్కటిగా పట్టి ఉంచును. నులక విప్పివైచినచో మంచము మాయమై ఒక మోపెడు కట్టెలు మిగులును. ఆ మోపును ఎద్దులబండిలో ధాన్యపు బస్తాల నడుమ ఇరికించి మదనపల్లెకు తెచ్చినారని మా పెద్దలు చెప్పుచుండెడివారు.

ఇంటి సామాను చేసి అమ్మెడి సంస్థ ఎట్లు పెరుగును, కలపను ఎటనుండి తెచ్చుకొనును, చేసిన వస్తువును కొన్నవాని గడపకు ఎట్లు చేర్చును అను విషయమును గూర్చి ప్రసంగింపవలెనని కూర్చుండినపుడు మాకు మొదట తలపునకు వచ్చినది ఈ మంచమే. కారణము ముందు ముందు శ్రోతలకే తెలియగలదు. ఇంటి సామాను చరిత్ర అనగా చెక్కడపు పనివాని నేర్పును గూర్చిన చరిత్ర అని చాలమంది తలంతురు. మేమును అట్లే తలచితిమి. తరచి చూడగా అది సగముకంటె ఎక్కువ దారుల చరిత్రగా తేలినది.

చిత్తూరు సీమకు పడమట, కనుమలు ఎక్కిన పిదప, మైసూరు పీఠభూమి అంచున మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు ఊళ్లు కలవు. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. నేల ఎర్రనిది, రాతిది, వానలు తక్కువ, చెరువు నిండిన ఏడు పండుగ, నిండని ఏడు వలస. ఈ మూడు ఊళ్లును ఒక్క జిల్లాలో చేరినది 1911లో. అంతకు ముందు మదనపల్లె కడప జిల్లాలోనిది. పుంగనూరు జమీనును, కుప్పమునకు ఆలవాలమైన కంగుంది జమీనును ఉత్తరార్కాటు జిల్లాలోనివి. 2022లో మదనపల్లె మరల విడివడి అన్నమయ్య జిల్లాలో చేరెను. పాలకులు గీసిన గీతలు ఇట్లు మారుచు వచ్చినను, సంతలకు పోవు బండ్లు మాత్రము ఆ గీతలను ఎన్నడును లెక్కచేయలేదు.

ఈ మెరకసీమలో పూర్వము ఇంటి సామానుకు అంగడి అన్నది లేదు. కావలసినవాడు తన చేనిగట్టున ఉన్న చెట్టును తానే కొట్టించును. వేప చేదుకు పురుగు చేరదు కనుక గడపలకును, మంచపు పట్టెలకును వేప. గట్టిదనము కావలసిన చోట తుమ్మ. బండిచక్రపు కుంభి, నాగలి దానితోనే. చింతకర్ర రోళ్లకు, గానుగలకు, సమ్మెటల పిడులకు. మామిడిపలక చౌకది, ఎక్కువ కాలము నిలువదు. టేకు అన్నది కలవారి మాట. కొట్టిన మొద్దును కొందరు చెరువునీట నానవైచి, పిదప నీడన ఆరవైచెడివారు. అటుపిమ్మట వడ్రంగి ఆ ఇంటికే వచ్చి, వేపచెట్టు నీడన కూర్చుండి, ఉలి, బాడిస, తోపుడు దగ్గర పెట్టుకొని, ఆ ఇంటి అన్నము తినుచు పని ముగించును.

గ్రామపు వడ్రంగి ఆయగాండ్రలో ఒకడు. నాగలి, గుంటక, బండి వీని మరమ్మతులకు అతనికి రైతుల కళ్లములో మేర ముట్టును. అది ఏటేట సాగెడి హక్కు. మంచము, తలుపు వంటి కొత్త పనికి వేరుగా కూలియో గింజలో ముట్టవలెను. శ్రోతలు ఇచట ఒక సంగతిని గమనింపగోరెదము. ఈ ఏర్పాటులో కలప కదలదు, మంచమును కదలదు. కదలెడివాడు వడ్రంగి ఒక్కడే. అతడు ఎవరి కొరకు పని చేయుచున్నాడో వారిని ఎరుగును. ఇంటి ముసలమ్మ మోకాళ్ల నొప్పికి మంచము ఒక జానెడు ఎత్తు పెంచును. చూలాలి ఇంట ఉయ్యాలబల్లకు అంచులు నున్నగా తీయును. కొలబద్ద కన్న కంటి కొలత ముఖ్యము. కావుననే ఒక ఇంటి మంచమువలె మరొక ఇంటి మంచము ఉండదు. అట్లని ఆ కాలమును మేము పొగడబోము. కరువు ఏట మేర ముట్టక వడ్రంగి పస్తుండెను. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిని పీల్చిపిప్పిచేసిన కరువున మంచములు చేయించుకొన్నవారు ఎందరుందురు? పెక్కు ఇండ్లలో మంచమే లేదు, చాపయే పడక.

మాటలను బట్టియు సామాను రాకను పోల్చుకొనవచ్చును. మంచము, పీట మన భాషలో తరతరముల నుండి పాతుకొనిపోయినవి. కుర్చీ అరబ్బీ మాట. తురక దొరతనముతో వచ్చి కచేరీలలో కూర్చుండెను. అలమార పోర్చుగీసు మాట. బెంచీ అన్నది బడితో వచ్చిన ఇంగ్లీషు మాట. బడి, కచేరి, ఆసుపత్రి వచ్చిన పిమ్మట వడ్రంగికి ఎన్నడును లేని కొత్త అవసరము ఒకటి ఎదురయ్యెను: ఒక్క రీతి వస్తువులు అనేకము కావలెను. మదనపల్లెలో 1915లో దివ్యజ్ఞాన కళాశాల వెలసెను. 1919లో రవీంద్రనాథ ఠాకూరు వచ్చి విడిసి, జనగణమన గీతమును ఇంగ్లీషున చెప్పినది అచటనే. ఆ సంగతిని అందరు చెప్పుకొందురు. విద్యార్థులు కూర్చుండిన బెంచీలను గూర్చి ఎవరును చెప్పరు. ఆ దాపుననే ఆరోగ్యవరమున క్షయరోగులకు ఆరోగ్యశాల వెలసెను. నూరుగురు రోగులకు నూరు మంచములు, అన్నియు ఒక్క కొలతవి కావలెను గదా. ముసలమ్మ మోకాళ్లను చూచి కోయు వడ్రంగికి ఆ పని తెలియనిది. కొలత కాగితము మీదికి వచ్చెను. చేయువాడు వేరు, పండుకొనువాడు వేరు అయ్యెను.

ఇక దారుల మాట. ఈ మూడు ఊళ్లకును రైలు మూడు రీతుల కనబడినది. మద్రాసు రైలు కంపెనీవారు జోలారుపేట నుండి బెంగుళూరు దండు వరకు వేసిన మార్గము 1864లో తెరువబడెను. ఆ మార్గము కుప్పము మీదుగా పోవును. కనుక కుప్పము, ఆంధ్రదేశపు ఊళ్లలో చాలవాటికంటె ముందుగా రైలు కూత వినినది. మదనపల్లెకు రైలు వచ్చుటకు మరి పాతిక ఏండ్లకు పైగా పట్టెను. 1890ల తొలి ఏండ్లలో పాకాల నుండి ధర్మవరమునకు మీటరుగేజి మార్గము వచ్చెను. వచ్చియు ఊరిలోనికి రాలేదు. స్టేషను ఊరికి దూరాన చిన్నతిప్పసముద్రము వద్ద నిలిచెను. పేరు మాత్రము మదనపల్లె రోడ్డు. దిగినవాడు తక్కిన దారిని బండిలోనో కాలినడకనో గడుపవలసినదే. తర్వాతి కాలమున ఆ మార్గము బ్రాడ్‌గేజిగా మారినను స్టేషను మాత్రము చోటు మారలేదు. పుంగనూరుకు రైలు రానేలేదు. పొట్టి ఆవులకు పేరుపడిన ఆ ఊరు సామాను తెచ్చుకొనుటకు తొలుత ఎద్దును, పిమ్మట లారీని నమ్ముకొన్నది.

రైలు వచ్చిన ఊరు బాగుపడును, రాని ఊరు వెనుకబడును అని మనము చిన్ననాట పాఠములలో చదువుకొన్నాము. సామాను సంగతిలో కుప్పము ఈ పాఠమును నిజము చేయలేదు. రైలు ఉండియు అచట గొప్ప సామాను పరిశ్రమ ఏదియు తలయెత్తలేదు. ఎందుచేత? ఆ మార్గమును వేసినవారు ఆలోచించినది మద్రాసు రేవును, బెంగుళూరు దండును గూర్చి. నడుమనున్న ఊరు ఎక్కించుటకే గాని దింపుకొనుటకు కాదు. దాపుననే కోలారు బంగారుగనులు 1880లలో ఊపందుకొనెను. భూమిలోనికి పోయెడి కొలది సొరంగములకు ఆనుగా మొద్దులు కావలెను. 1902లో శివసముద్రము నుండి విద్యుత్తు వచ్చువరకు ఆవిరియంత్రములకు వంటచెరకు కావలెను. ఇంతటి ఆకలిగొన్న గని పొరుగున ఉండగా, కలప కొట్టినవానికి మొద్దుగా అమ్ముటయే సులువైన లాభము. దానిని కోసి, ఆరబెట్టి, చెక్కి, కుర్చీ చేసి అమ్ముటకు ఓపిక కావలెను, పెట్టుబడి కావలెను, కొనువాడు కావలెను.

అడవిపై హక్కు కూడ మారెను. 1882 నాటి మద్రాసు అటవీచట్టముతో సర్కారు అడవులు రక్షితములయ్యెను. పల్లెవాడు కట్టె కొట్టుటకు అనుమతి పొందవలసి వచ్చెను. జమీను అడవులు మాత్రము జమీందారుల చేతిలోనే ఉండెను. 1948లో ఎస్టేటుల రద్దు చట్టము వచ్చుచున్నదని వినినంతనే రాజధానిలో పలుచోట్ల ప్రైవేటు అడవులు గొడ్డలికి గురియయ్యెను. ఆ నరుకుడును ఆపుటకే మద్రాసు ప్రభుత్వము 1949లో ప్రైవేటు అడవుల రక్షణచట్టము చేసెను. చేజారిపోవు ఆస్తిని ముందుగా రొక్కము చేసికొనవలెనను తొందర మానవసహజమే. కాని ఒక తరమువాడు పది దినములలో కొట్టిన చెట్టు పెరుగుటకు మూడు తరములు పట్టును. వడ్రంగి కొడుకునకు మిగిలినవి తుమ్మ, వేప, కానుగ, నీలగిరి. కుప్పము, పలమనేరు వైపు మిగిలిన అడవిలో 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడెను. ఇప్పుడు అది ఏనుగులకు పేరుపడినది.

ఈ సీమ కలపను గూర్చి మాటాడుచు ఎర్రచందనమును తలపకపోవుట తగదు. మన మూడు ఊళ్లకు తూర్పున ఉన్న శేషాచలము, పాలకొండలు, వెలిగొండలు దాని పుట్టినిల్లు. ప్రపంచమున మరెచటను అది తనంత తానుగా అడవిగా పెరుగదు. చేవ నీట మునుగునంత బరువు. కడప, చిత్తూరు కొండలనుండి దిగిన ఈ దుంగలు పులికాటులో నిలిచిన డచ్చివారికిని, 1639లో మద్రాసున కాలూనిన ఇంగ్లీషు కంపెనీవారికిని రంగుకట్టెగా పనికివచ్చెను. ఐరోపాలో ఉన్నికి ఎర్రరంగు వేయుటకును, కొన్ని చోట్ల వంటకములకు రంగు పట్టించుటకును దాని పొడి వాడినారు. 1856లో పెర్కిను అను ఇంగ్లీషు రసాయనవేత్త తారునుండి రంగు తీసిన పిదప ఆ గిరాకి క్రమముగా సన్నగిల్లెను. కాని తూర్పుదేశములలో దాని గౌరవము వేరు. చీనావారు జితన్ అని పిలుచు ఊదాయెరుపు కర్రలలో మేలైనది ఇదియే. చియన్‌లుంగ్ చక్రవర్తి కాలమున, అనగా 18వ శతాబ్దిలో, పెకింగు రాజభవనపు ఆసనములకును, మేజాలకును దానిని మించిన కర్ర లేదు. జపానువారు షామిసెన్ అను తంత్రీవాద్యపు దండమునకు నేటికిని దీనినే మేలిరకముగా ఎంతురు.

ఇంత విలువగల సామానుకు మూలమైన చెట్టు మన కొండలది; సామాను మాత్రము మన ఊళ్లలో తయారగుట అరుదు. దుంగ పోయెను, కుర్చీ రాలేదు. 1995 నుండి అంతర్జాతీయ ఒడంబడిక క్రింద దాని వర్తకమునకు కట్టుబాటు కలదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పట్టుకొన్న దుంగలను 2014 నుండి ప్రపంచ వేలములో అమ్ముచు వచ్చినది. కట్టుబాటు ఎంత గట్టిదైనను, దొంగచాటు ధర దానికన్న గట్టిది. 2015 ఏప్రిల్ 7న శేషాచలపు అడవిలో పోలీసు కాల్పులలో 20 మంది కూలీలు మరణించిరి; వారు తమిళనాట కొండపల్లెలనుండి కట్టె కొట్టుటకు వచ్చినవారు. దూరదేశమున ఎవరో కూర్చుండు కుర్చీకి ఇచట ఎవరో ప్రాణమిచ్చిరి. కొన్నవానికి ఆ ఇరువది పేర్లు తెలియవు. తెలియకుండునట్లే ఆ దారి కట్టబడినది.

ఇంతవరకు కలప వైపు చూచితిమి. వస్తువు వైపు చూచినచో, దూరమును జయించిన మొదటి కుర్చీ ఆస్ట్రియా దేశమునందు పుట్టెను. మిఖాయేల్ తోనెట్ అను వడ్రంగి బీచికర్రను ఆవిరిలో మెత్తబరచి వంచెడి విద్యను సాధించి, కర్మాగారమును నగరమున గాక మొరావియాలో బీచి అడవుల చెంతనే నెలకొల్పెను. అతని సంస్థ 1859లో 14వ నంబరు కుర్చీని వెలువరించెను. ఆరు కర్రముక్కలు, పది మరలు, రెండు నట్లు, ఇదే కుర్చీ. విప్పిన 36 కుర్చీలు ఒక్క ఘనమీటరు పెట్టెలో పట్టును. ఓడకెక్కి దేశాంతరమునకు పోయి అచట బిగించుకొనబడును. మా మంచపు మోపును ఇక్కడ జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఓడవాడును, బండివాడును కిరాయి పుచ్చుకొనునది బరువుకే కాదు, చోటుకును. నిలిపిన కుర్చీ క్రింద ఉన్నది గాలి. ఆ గాలికి కిరాయి కట్టనివాడే దూరపు వర్తకుడు కాగలడు.

ఈ సూత్రముపై ఒక మహాసంస్థను లేపినవాడు స్వీడను దేశపు ఇంగ్వార్ కాంప్రాడ్. అతడు పెరిగిన స్మోలాండ్ సీమను గూర్చి చదివినపుడు మాకు మన మెరకనేలయే కన్నులకు కట్టెను. అదియును రాతినేల; చేనిలో ఏరిన రాళ్లతో కట్టిన గోడలు అచట మైళ్లకొలది కనబడును. పంట చాలక పందొమ్మిదవ శతాబ్దిలో అచటివారు వేలకొలది అమెరికాకు వలసపోయిరి. ఆ సీమలోని ఎల్మ్‌హుల్ట్ అను చిన్న ఊరికి రైలు వచ్చినది 1860లలోనే, అనగా కుప్పమునకు వచ్చిన దశాబ్దముననే. బాల్యమున అగ్గిపెట్టెలు అమ్మిన కాంప్రాడ్, 1943లో పదునేడవ ఏట ఐకియా అను పేరుతో వ్యాపారము పెట్టెను. తన పేరులోని రెండు అక్షరములకు ఊరిపేరును, పొలము పేరును చేర్చి ఆ పేరు కట్టెను. మొదట కలములు, చిన్న వస్తువులు. సరకును రైలుస్టేషనుకు చేర్చుటకు అతడు బండి కొనలేదు. పాలు సేకరించుటకు దినదినము వచ్చు పాలబండిలోనే పంపెను. 1948లో సామాను చేర్చెను. దాపున ఉన్న చిన్న చిన్న వడ్రంగి కార్ఖానాలే చేసి ఇచ్చెడివి. 1951లో చిత్రములతో ధరల పుస్తకము అచ్చొత్తించి ఇంటింటికి పంపెను. ఆ పుస్తకము 2021 సంచిక వరకు వెలువడుచు వచ్చి ఆగినది.

ధరలు తగ్గించుచున్నాడని తక్కిన వర్తకులు అతనిపై కట్టుకట్టిరి. అతనికి సరకు చేసిన కార్ఖానాలకు తాము పని ఇయ్యమని బెదిరించిరి. సామాను ప్రదర్శనలలో చోటు లేకుండ చేసిరి. ఈ నిర్బంధమే అతనిని రెండు దారులు త్రొక్కించెను. 1955 నుండి తన నమూనాలను తానే గీయించుట ఒకటి. ఇతర దేశములలో చేయించుట రెండవది. 1961లో అతడు పోలండు కార్ఖానాలతో ఒప్పందము చేసికొనెను. 1956లో అతని నమూనాకారుడు గిల్లిస్ లుండ్‌గ్రెన్ ఆకు ఆకారపు చిన్నబల్లను కారులో పట్టింపలేక కాళ్లు ఊడదీసిన కథ ప్రసిద్ధము. విప్పి అమ్మెడి పద్ధతి స్టాక్‌హోములో ఒక పెద్ద దుకాణమువారికి 1940లలోనే తెలిసినదే. కాని దానిని ఒక్క వస్తువుకు గాక వర్తకమంతటికి ఆయువుపట్టుగా చేసినవాడు కాంప్రాడే. కాళ్లు విప్పి, బల్లపరుపు పెట్టెలో పెట్టి, బిగించెడి పనిని కొన్నవాని చేతికే ఒప్పగించెను. పెట్టెతోపాటు వంకర తిరిగిన చిన్న ఇనుపకడ్డీ ఇచ్చెను. వడ్రంగి కూలి ధరనుండి మాయమయ్యెను.

ఎల్మ్‌హుల్ట్‌లో జరిగినది కుప్పములో ఏల జరుగలేదు? రెండును రాతినేలలే, రెంటికిని ఒకే దశాబ్దమున రైలు వచ్చినదే. మాకు తోచిన సమాధానము ఇది. స్వీడనులో ధరల పుస్తకము చదువగలవారు ప్రతి ఇంట ఉండిరి. చదివి రొక్కము పంపగలవారును ఉండిరి. యుద్ధానంతరమున అచట కొత్త ఇండ్లు వెల్లువగా లేచెను. 1965 నుండి 1974 వరకు పది లక్షల ఇండ్లు కట్టుట ప్రభుత్వమే తలకెత్తుకొన్నది. ప్రతి కొత్త ఇంటికి బల్ల, మంచము, బీరువా కావలెను. ఇచట రైలు వచ్చిన పన్నెండేండ్లకే పెనుకరువు. సామాను కొనువాడు లేనిచోట దారి ఎంత చక్కగా ఉండినను అది బయటికి పోవు దారిగానే మిగులును. ఇది మా తలపు. చరిత్రకారులు ఇంకను లోతుగా చూడవచ్చును.

దూరమునుండి చేయించుటలో ఒక గుడ్డితనమును కలదు. ఐకియాకు సరకు చేసిన తూర్పు జర్మనీ కార్ఖానాలలో రాజకీయఖైదీలచేత పని చేయించిరని సంస్థయే నియమించిన విచారణలో 2012లో తేలినది. సంస్థ విచారము తెలిపినది. బాధితులకు ఏర్పడుచుండిన సహాయనిధికి అరువది లక్షల యూరోలు ఇత్తుమని దాని జర్మను శాఖ 2024లో ప్రకటించెను. శేషాచలమున పడిన కూలీలకును, ఆ ఖైదీలకును పోలిక లేదని ఎవరైన అనవచ్చును. ఒక పోలిక కలదు. వస్తువును వాడువాడు వారిని చూడలేదు.

మన దేశమునుండి ఈ సంస్థ 1980ల నుండియే తివాచీలు, నేతవస్త్రములు కొనుచుండెను. అమ్ముటకు మాత్రము చాల ఆలస్యముగా వచ్చెను. ఒకే పేరుతో అమ్మెడి విదేశీ దుకాణమునకు పూర్తి పెట్టుబడి హక్కును 2012లో భారతప్రభుత్వము ఇచ్చెను. అమ్మకపు సరకు విలువలో 30 శాతము ఈ దేశమునుండియే కొనవలెనని నిబంధన పెట్టెను. తొలి దుకాణము హైదరాబాదులో 2018 ఆగస్టు 9న తెరువబడెను. సుమారు నాలుగు లక్షల చదరపుటడుగులు, 7,500 రకముల వస్తువులు, వేయిమంది కూర్చుండు భోజనశాల. తొలినాడు జనసమ్మర్దమునకు రోడ్లు స్తంభించిపోయెను. అదే సంవత్సరము జనవరిలో కాంప్రాడ్ మరణించెను. తెలుగుదేశపు ఆ సందడి ఆయన చూడలేదు. 2022 జూన్‌లో బెంగుళూరులో మరొకటి తెరిచిరి. మన మూడు ఊళ్లకును బెంగుళూరే దగ్గర: నూరు, నూటయిరువది కిలోమీటర్లకు మించదు. పూర్వము తమలపాకులకు, పట్టుగూళ్లకు బెంగుళూరు పోయెడివారు ఇప్పుడు బీరువాకును పోవుచున్నారు.

పోనివారికి పెట్టె ఇంటికే వచ్చును. మొన్నటి ఏట పుంగనూరులో మా బంధువులు ఒక వ్రాతబల్లను తెప్పించుకొన్నారు. ఏ సంస్థదో చెప్పుట అనవసరము; పై ప్రసంగమున వచ్చిన పేర్లలోనిది కాదు. వ్యాను వీధిలోనికి వచ్చి ఒక బల్లపరుపు పెట్టెను దింపిపోయెను. లోపల పలకలు, సంచిలో మరలు, బొమ్మలు మాత్రమే గల కాగితము. ఇంటి పిల్లవాడు ఒక పూట కుస్తీపట్టి, కాళ్లు తలక్రిందులుగా బిగించి, అలసి కూర్చుండెను. కడకు వీధిచివరి వడ్రంగిని పిలువనంపినాము. అతని తాత కళ్లములో మేర పుచ్చుకొన్నవాడు. అతడు ఇప్పుడు తలుపుల దుకాణములో దినకూలికి పోవును, సాయంకాలములు ఇట్టి పెట్టెలు బిగించుటకు పిలుపులు వచ్చుచున్నవట. కాగితమును ఒకమారు చూచి ప్రక్కన పెట్టి, అరగంటలో బల్లను నిలిపెను. ఒక కాలు మాత్రము తూగుచుండెను. రంధ్రము ఒక నూలుపోగంత ప్రక్కకు తొలిచినారు.

"పాత మంచాలవి ఏమన్నా వేపముక్కలుండాయా సామీ?" అని అడిగెను.

పెరటిలో విరిగిన పట్టె తునక ఒకటి దొరికినది. దానిని ఉలితో గోరంత మందమున చీల్చి, కాలి బెజ్జములో కొట్టి, అరచేతితో బల్లను నొక్కి చూచెను. అది కదలలేదు. కూలి ఎంత అని అడుగగా, "మరలు బిగించిన దానికి ఇయ్యండి సామీ, ముక్కకు వద్దు" అనెను. ఆ పెట్టె అట్టను అతడే మడిచి, ఇంట నేలపై పరచుకొనుటకు పనికివచ్చునని తీసికొనిపోయెను.